మా సారు రాసిన అంతరిక్ష చరిత్ర

అంతరిక్ష యాత్రల చరిత్ర అని అట్ట మీద కనిపిస్తే చాలు, నాకు నవ్వొస్తుంది. చదవకుండా నవ్వే మనిషిని కాదు. తాండూరులో కాపురం చేసిన కాలంలో అలాంటి పుస్తకాలు మా ఇంట్లో ఒక చెక్క బీరువా నిండా ఉండేవి. అన్నీ చదివాను, అన్నీ ఒక్కలాగే మొదలవుతాయి. ఆదిమానవుడు ఆకాశం వైపు ఆశగా చూశాడంటారు. ఆకాశం వైపు చూడనిది ఎవరు? వాన కోసం మా పక్కనున్న యాలాల్ రైతు చూసినంత ఆశగా ఏ ఆదిమానవుడూ చూసి ఉండడు. ఆ తర్వాత చైనావాళ్ల తారాజువ్వలు వస్తాయి, గడ్డాలు పెంచిన యూరపు పెద్దమనుషులు వస్తారు, యుద్ధం వస్తుంది. ఊళ్ల మీద పడి జనాన్ని చంపిన రాకెట్‌ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. అదే రాకెట్ మూతి చంద్రుడి వైపు తిరిగితే మాత్రం పేజీలకు పేజీలు భజన. ఇక చివరి అధ్యాయం చదివితే ఇంకా వినోదం. ఈ శతాబ్దం ముగిసేలోగా మనుషులు చంద్రుడి మీద కాపురాలు పెడతారని ప్రతి రచయితా ధీమాగా రాశాడు, అక్కడ ప్లాట్లు తానే అమ్ముతున్నట్టు.

అలాంటి పుస్తకం ఒకటి మా ఇంట్లోనూ పుట్టింది. అట్ట మీద మా ఆయన పేరుంది. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పేవాడు. ఊరంతా సారు అనేది, ఇంట్లో నేనూ సారు అనే పిలిచాను. పేరు ఆయనది, లోపలి తెలుగు చాలావరకు నాది. నా పేరు కూడా ఆ పుస్తకంలో ఉండాలని నేను అడిగాను. నోరు తెరిచి ఆయన్ని నేను అడిగింది అదొక్కటే.

మాది వికారాబాద్. మా నాయన రైల్వేలో పనిచేసేవాడు. మిషన్ బడిలో చదువుకున్నాను కాబట్టి ఇంగ్లీషు పుస్తకం ముందు పెడితే బెదిరేదాన్ని కాదు. మనిషి చంద్రుడి మీద దిగిన 1969లో మా దగ్గర బడులూ కాలేజీలూ బందై ఉన్నాయి. తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్ల మీద ఉన్నారు. నా చదువు ఆ ఏడే ఆగిపోయింది, మళ్లీ మొదలు కాలేదు. చంద్రుడి వార్తను పక్కింటి రేడియోలో విన్నాం. మా నాయన చెప్పులేసుకుంటూ విని, “తాండూరు ప్యాసింజరే టైముకు వస్తలేదు, గాళ్లు చంద్రుని దాంక పోయిన్రా” అని డ్యూటీకి వెళ్లిపోయాడు. అంతరిక్ష యాత్రల మీద నేను విన్న మొదటి విమర్శ అది. అంతకంటే మంచిది ఇప్పటికీ వినలేదు.

పెళ్లయి తాండూరు వచ్చేసరికి మా సారుకు చంద్రుడు తలకెక్కి ఉన్నాడు. బడి ముందు రష్యా పుస్తకాల బండి ఆగితే ముందు నిలబడేది ఆయనే. అమెరికా వాళ్లు పోస్టులో ఊరికే పంపే రంగుల పత్రికలకు మా ఇంటి చిరునామా రాసి పంపాడు. హైదరాబాదు పోతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పుస్తకాలు సంచి నిండా తెచ్చేవాడు. చదవడం మాత్రం తక్కువ. విషయసూచిక చూసి, బొమ్మలు చూసి, చివరి పేజీ చూసి, “మస్తుంది” అని బీరువాలో పెట్టేవాడు. ఆ తర్వాత చదివేదాన్ని నేను. మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద ఉడుకుతుంటే చేతిలో చంద్రుడో, అంగారకుడో ఉండేవాడు.

రష్యా పుస్తకమూ అమెరికా పత్రికా పక్కపక్కన పెట్టుకొని చదివితే తెలుస్తుంది చరిత్ర అంటే ఏమిటో. రష్యా పుస్తకం ప్రకారం ఆకాశంలోకి వెళ్లినవాళ్లంతా రష్యా వాళ్లే. చంద్రుడి మీద ఎవరో దిగారట, ఆ సంగతి చివర్లో పొట్టి పేరాలో నలిగి ఉంటుంది. అమెరికా పత్రికలో అంతా తలకిందులు. మొట్టమొదట భూమి చుట్టూ తిరిగిన మనిషిని అరవాక్యంలో తేల్చేసి, తమ జెండా పాతిన బొమ్మను మాత్రం నాలుగు వైపుల నుంచి అచ్చేశారు. మా వీధిలో ఇద్దరు తోటికోడళ్లు ఉండేవాళ్లు, ఒకరి వంట ఒకరు ఎన్నడూ మెచ్చుకోలేదు. వాళ్లకూ వీళ్లకూ నాకు తేడా కనిపించలేదు.

పాపం ఒక కుక్కను పైకి పంపి, తిరిగి దించే దారి లేక చంపేశారు. అది విజ్ఞానం కోసం ప్రాణత్యాగం చేసిందని రాశారు. కుక్క త్యాగం చేసిందా, వీళ్లు చేయించారా? చదివిన రోజు నాకు ఒళ్లు మండింది. ఇక ఆకాశానికి వెళ్లొచ్చిన మొదటి ఆడమనిషి సంగతి. మా బీరువాలోని ఒక పుస్తకంలో ఆమె ప్రయాణానికి ఒక పేరా, పెళ్లికి రెండు పేజీలు. ఆ పెళ్లికి ఎవరెవరు వచ్చారో కూడా రాశాడు ఆ మహానుభావుడు.

మా అత్తమ్మది పూడూరు. గొర్ల మందల వెంట తిరిగిన ఇంట్లో పుట్టిన మనిషి, చదువు రాదు. ఒకరోజు అమెరికా పత్రికలో చంద్రుడి మీది అడుగు బొమ్మ చూపించాను. బూడిదరంగు పొడిలో బూటు అడుగు, అడ్డగీతలతో తేటగా పడి ఉంది. అత్తమ్మ పత్రికను దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చూసింది.

“గిది చంద్రుడు కాదు, ఏం కాదు. మన బండల కార్ఖాన వెనకాల తీసిన్రు.”

తాండూరు తెలిసినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. నాపరాళ్లను పాలిష్ పట్టే కార్ఖానాలు నీళ్లతో కలిసిన రాతి పొడిని వెనకాల ఖాళీ జాగాలో వదులుతాయి. అది ఎండితే మెత్తటి బూడిదరంగు నేల. మేక నడిచినా గిట్టల గీతతో సహా అచ్చు పడుతుంది. మా సారు మాత్రం తల పట్టుకున్నాడు. “గిసోంటి మూఢులున్నంత దాంక దేశం బాగుపడదు” అన్నాడు. అత్తమ్మ పట్టించుకోలేదు. “సరే గాని బిడ్డా, గాళ్లు అన్ని దినాలు దొడ్డికి ఎట్ల పోయిన్రట?” అని నన్నడిగింది. బీరువా అంతా వెతికాను. ఏ చరిత్రకారుడూ ఆ ఊసెత్తలేదు. మనిషి అంతరిక్షాన్ని జయించాడని రాసేవాళ్లకు మనిషికి కడుపుంటుందని గుర్తు రాకపోవడం వింతే.

ఈ పుస్తకాలన్నీ కలిపి తెలుగులో ఒక పెద్ద చరిత్ర రాయాలని మా సారుకు బుద్ధి పుట్టింది. “నువ్వు సాఫ్ కాపీ రాయి, నేను తర్వాత దిద్దుత” అన్నాడు. సాఫ్ కాపీ అంటే ఆయన రాసింది నేను దస్తూరీ కుదిర్చి మళ్లీ రాయాలి. ఆయన రాసిందేముంది? అధ్యాయాల పేర్లు. ఆ పేర్ల కింద ఇంగ్లీషులోంచి తెచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకొని, కాగితం నింపింది నేను. ఆయన సాయంత్రం బడి నుంచి వచ్చి, చాయ్ తాగుతూ ఎర్ర పెన్నుతో దిద్దేవాడు. నేను “అక్కడ గాలి లేదు, ఊపిరాడదు” అని రాస్తే కొట్టేసి “వాయురహిత స్థితి వలన శ్వాసక్రియకు అవరోధము కలుగును” అని పెట్టేవాడు. చదివేవాడికి అక్కడే శ్వాస ఆగాలి. ప్రతి అధ్యాయం చివర “యావన్మానవాళి” అనే ముక్క ఒకటి అతికించేవాడు. ఆకాశానికి వెళ్లొచ్చిన ఆ ఆడమనిషి ప్రయాణం మీద నేను పూర్తిగా ఒక అధ్యాయం రాశాను. ఆయన దిద్దాక అది ఒక వాక్యమై మిగిలింది.

మొదటిసారి అప్పుడు అడిగాను, పుస్తకంలో నా పేరు పెడతారా అని.

“పేరుదేముంది, పెడత. ఫికర్ చెయ్యకు.”

“ఎక్కడ పెడతరు? అట్ట మీదనా?”

“అట్ట మీద రాసినోళ్ల పేరుంటది గద. ముందుమాటల పెడత.”

అట్ట మీద రాసినవాళ్ల పేరే ఉండాలని నేనూ అంటున్నాను, కానీ ఆయనకు అది వినపడలేదు. ముందుమాట అయినా ఫర్వాలేదనుకున్నాను. ఆగిపోయిన చదువుకు నా పేరు ఒకచోట అచ్చయితే చాలని ఉండేది. మా నాయన బతికుండగా చూపించాలని ఆశ. ఆ ఆశ చిన్నదని ఎవరైనా అంటే అననీ.

పుస్తకం పూర్తయ్యేది, మళ్లీ పూర్తి కాకుండా పోయేది. అమెరికా వాళ్లు చంద్రుడి మీదికి పోవడం మానేశారు. కాపురాల అధ్యాయం కొట్టేసి మళ్లీ రాశాం. రష్యా, అమెరికా అనే ఆ ఇద్దరు తోటికోడళ్లు ఆకాశంలో కలిసి చేతులు పట్టుకున్నారు. దానికో అధ్యాయం. విమానంలా దిగే రాకెట్ వచ్చింది, మళ్లీ అధ్యాయం. ఈ లోపల మా నాయన పోయాడు. దినాలు అయ్యాక తాండూరు తిరిగొస్తే బల్ల మీద కాగితాలు నేను పెట్టినట్టే ఉన్నాయి. మా సారు వాటిని చూపించి, “జర తొందరగ కానియ్యి” అన్నాడు. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

1984లో మన దేశపు మనిషి ఒకాయన రష్యా వాళ్ల రాకెట్‌లో ఆకాశానికి వెళ్లాడు. దేశమంతా పత్రికల్లో అదే మాట. ఇప్పుడు అచ్చు కాకపోతే ఇక ఎప్పుడూ కాదని మా సారు పరేషాన్ అయిపోయాడు. పప్పు మిల్లు సేటు కాగితం ఇప్పిస్తానన్నాడు. తాండూరులో పెళ్లి కార్డులూ, మిల్లుల రసీదు బుక్కులూ కొట్టే ప్రెస్సు ఒకటి ఉండేది. దాని యజమానిని అందరూ చాచా అనేవాళ్లు. అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే పాతకాలపు ప్రెస్సు. ముందుమాట నేను చూడలేదు, దాన్ని మా సారు స్వయంగా రాసి ఇచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన స్వయంగా రాసింది అదే. చాచా అక్షరాలన్నీ పేర్చాక బొమ్మ దగ్గర ఆగాడు. మా సారుకు చంద్రుడి మీది అడుగు బొమ్మ లేకుండా పుస్తకం వద్దు. ఊళ్లో ఫోటో స్టూడియో నడిపే అతను అమెరికా పత్రికలోని బొమ్మకు ఫోటో తీసి ఇస్తే చాచా తల అడ్డంగా ఊపాడు.

“అచ్చయిన బొమ్మ నిండ చుక్కలుంటయ్ సార్. దాని ఫోటోకి అచ్చు బ్లాకు చేపిస్తె అంత ఖరాబైతది. అసల్ ఫోటో తెండి.”

అసలు ఫోటో ఎక్కడి నుంచి తెస్తాడు? మా సారు ముఖం చిన్నబోయింది. అప్పుడు స్టూడియో అతను అన్నాడు, “సార్, గా బండల కార్ఖాన ఎనక పొడి ఉంటది గద. బూటేసి తొక్కితె అచ్చం గిట్లనే పడతది.” దేశం బాగుపడదని అత్తమ్మను తిట్టిన పెద్దమనిషి ఒక్క క్షణం ఆలోచించి, “రేపు ఆదివారమేనా?” అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం పోయాం. నన్నెందుకు రమ్మన్నాడో అక్కడికి పోయాక తెలిసింది. కార్ఖానాలో పనిచేసే అతను తన రబ్బరు బూట్లు ఇచ్చాడు. అడుగున అడ్డగీతలు కుదిరినట్టే ఉన్నాయి, లోపల తడి, వాసన. మా సారు తెల్ల ప్యాంటు వేసుకొచ్చాడు, పొడి అంటుతుందట. స్టూడియో అతను కెమెరా పట్టుకోవాలి. బూట్లిచ్చినతను యంత్రం దగ్గరికి పోవాలి. ఇక మిగిలింది ఎవరు? చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, బూటులో గుడ్డపేలిక కుక్కి, కాలు పెట్టాను.

“సీదా పెట్టు. కొంచెం అదిమి పెట్టు” అన్నాడు మా సారు గట్టు మీద నుంచి.

మొదటి అడుగు మడమ దగ్గర చెదిరింది. ఇంకో చోట వేశాను, అదీ నచ్చలేదు. ఎండలో నీడ సరిగ్గా పడేదాకా ఆ బూడిద నేల మీద నాతో ఎగిరెగిరి తొక్కించాడు. చివరికి ఒకటి కుదిరింది. కెమెరా అతను వంగి, “అమ్మా, జర ఎనకకు జరుగున్రి, చీర అంచు పడుతుంది” అన్నాడు. జరిగాను. ఫోటోలో పొడీ, అడుగూ తప్ప ఏమీ లేవు. ఇంటికి రాగానే అత్తమ్మ నా కాళ్ల వైపు చూసి, “యాడికి పోయొచ్చిన్రు?” అంది. చంద్రుడి మీదికి అన్నాను. ఆమె నవ్వలేదు, కాళ్లు కడుక్కొమ్మంది.

పుస్తకావిష్కరణ వికారాబాద్‌లో ఒక బడి హాల్లో పెట్టారు. పెద్ద నాయకుడొకాయన రావాలి కాబట్టి అంతా ఆయనకు వీలైన చోట. నేను పుట్టిన ఊరే. హాల్లో ఆడవాళ్ల కుర్చీల్లో నేనూ అత్తమ్మా కూర్చున్నాం. పుస్తకం నా చేతికి రావడం అప్పుడే. ముందుమాట తెరిచాను. హెడ్మాస్టరు గారికి ధన్యవాదాలు. పప్పు మిల్లు సేటుకు కృతజ్ఞతలు. చాచాకు, స్టూడియో అతనికి, పోస్టులో పత్రికలు తెచ్చిన పోస్ట్‌మన్‌కి కూడా. చిట్టచివర “సహకరించిన కుటుంబ సభ్యులకు” అని ఉంది. తర్వాతి పేజీ తిప్పాను, వెనక అట్ట చూశాను. లేదు. చదువు రాని అత్తమ్మకు కూడా నా ముఖం చూస్తే తెలిసిపోయింది. “లేదా?” అంది. లేదన్నాను.

వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరూ పుస్తకం చదవలేదు. చదవలేదని ఎవరూ దాచుకోను కూడా లేదు. నాయకుడు పేజీలు తిప్పి, అడుగు బొమ్మ దగ్గర ఆగి, పుస్తకాన్ని జనం వైపు తిప్పి ఎత్తి పట్టుకున్నాడు. కింద పెద్దక్షరాల్లో “చంద్రునిపై మానవుని తొలి అడుగు” అని ఉంది. ఆ మహానుభావుడి పాదానికి నమస్కరించాలన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా సారు కళ్లు దించుకొని వినయంగా కూర్చున్నాడు. నేను లేచి ఆ పాదం ఇదీ అని చూపించి ఉంటే ఆ హాల్లో ఏమయ్యేదో! లేవలేదు. ఆయన పరువు కోసం కాదు. ఆ పుస్తకంలో నా పదేళ్ల పైబడిన మధ్యాహ్నాలున్నాయి, దాన్ని నవ్వులపాలు చేయడం నాకే ఇష్టం లేకపోయింది.

సభ అయ్యాక అందరూ మా సారు చుట్టూ సంతకాల కోసం మూగారు. వాకిట్లో అడిగాను, నా పేరేదని.

“కుటుంబ సభ్యులంటె నువ్వే గద” అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

పోస్ట్‌మన్‌కు దొరికిన చోటు నాకు దొరకలేదు. నేను పక్కకు వచ్చి నిలబడ్డాను. చాచా తన కాపీ పట్టుకొని వచ్చాడు. మా సారు దగ్గరికి పోతున్నాడనుకున్నాను. నా ముందు ఆగి, అడుగు బొమ్మ ఉన్న పేజీ తెరిచి, జేబులోని పెన్ను తీసి ఇచ్చాడు.

“అమ్మా, ఫోటోల అడుగు ఎవరిదో నాకెరికే. కాగితాల మీద దస్తూరీ ఎవరిదో గూడ ఎరికే. మీరు గీడ రాయున్రి.”

బొమ్మ కింద ఖాళీ ఉంది. పుట్టింటి ఇంటిపేరుతో సహా నా పేరు రాశాను. దాని కింద తాండూరు అని రాశాను. చాచా ఊది ఆరబెట్టి, పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

చాచా ఒక్క కాపీలోనే రాయమన్నాడు, నేను అక్కడ ఆగలేదు. అమ్ముడు పోని కట్టలన్నీ ఇంటికొచ్చి మంచం కింద చేరాయి. వాటిని యాలాల్, కోట్‌పల్లి, పూడూరు బడులకూ, తాండూరు బడికీ పంచాలని మా సారు నిర్ణయించాడు. ఆయన బడికి పోయాక రోజూ కట్ట విప్పేదాన్ని. ప్రతి పుస్తకంలో అదే పేజీ తెరిచి, అడుగు కింద నా పేరు, ఊరు రాసి మళ్లీ కట్ట కట్టేదాన్ని. అత్తమ్మ గుమ్మంలో కూర్చొని సిరా ఆరేదాకా పుస్తకాలను ఎండకు పెట్టేది. పుస్తకాలు బడులకు పోయాయి. వాటిని తీసుకున్న హెడ్మాస్టర్లు గానీ, పొగుడుతూ ఉత్తరాలు రాసిన పెద్దలు గానీ ఒక్కరూ ఆ పేరు సంగతి అడగలేదు. తెరిస్తే కదా అడగడానికి. మా సారు కూడా తన పుస్తకం తెరవలేదు. బీరువాలో అట్ట కనపడేలా పెట్టి తృప్తి పడ్డాడు.

తెరిచింది ఒకే ఒక్క పిల్ల. మరుసటి ఏడు అర్ధ సంవత్సర పరీక్షల కాగితాలు మా సారు ఇంటికి తెచ్చి, అరుగు మీద కూర్చొని దిద్దుతున్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను. ఉన్నట్టుండి పెన్ను ఆగింది.

“గిదేంది? గీ పిల్లకు నీ ఇంటిపేరు ఎట్ల తెల్సు?”

చంద్రునిపై మొదట కాలు మోపినది ఎవరు అన్న ప్రశ్న కింద, ఏడో తరగతి పిల్ల గుండ్రటి అక్షరాల్లో నా పేరు రాసింది. కింద తాండూరు అని కూడా రాసింది.

“మీ పుస్తకం చదివింది” అన్నాను.

ఆయన లోపలికి పోయి బీరువాలోంచి పుస్తకం తీశాడు. పేజీ తెరిచి అడుగు కింది పేరు చదివాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

“తప్పు కొట్టాల్నా?” అన్నాడు.

“కొట్టున్రి. ఎట్ల తప్పో గా పిల్ల అడిగితె మీరే చెప్పున్రి. గా అడుగు ఎవరిదో, గట్టు మీద నిలబడి చూసినోళ్లు మీరే గద.”

అత్తమ్మ లోపలి నుంచి, “మార్కెయ్యరా” అంది.

మా సారు ఎర్ర పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆ జవాబుకు మార్కు వేసి, పక్కన సంతకం పెట్టి, కాగితాన్ని కట్ట అడుగున తోసేశాడు. పెళ్లి కార్డు తర్వాత మా ఇద్దరి పేర్లు ఒక కాగితం మీద పక్కపక్కన పడింది అప్పుడే.